తడి ఆరని ఇంజను

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా కోదాడలో ఆ మొండివాడు తులసీరాం. నడిగూడెం దగ్గర తండాలో పుట్టి, లారీలకు పేర్లూ నంబర్లూ రాసి బతికాడు. అయినా మొదట్లో ఎవరు ఏ పువ్వు వేయమంటే ఆ పువ్వే వేశాడు. నెమలికి మూడు కాళ్లు కావాలన్నా వేసేవాడేమో.

1988లో మిర్యాలగూడ నుంచి రైస్‌మిల్లు బద్రీనాథ్ సేటు కబురు పెట్టాడు. మిల్లుకు కరెంటు మోటారు వచ్చింది. తండ్రి నాటి డీజిలింజనును సూర్యాపేటలో పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మేశాడు. అది వెళ్లేలోపు దాని బొమ్మ ఒకటి గోడకు కావాలన్నాడు.

తులసీరాం రోజూ ఇంజను పక్కనే కూర్చున్నాడు. "దగ్గుతున్నది", "నీళ్లడుగుతున్నది", "ఇయ్యాల మొరాయిస్తున్నది" అని మిల్లువాళ్లు అనుకునే మాటలు విన్నాడు. విన్నదే గీశాడు. లారీ సరుకు మీద కప్పే పట్టా మీద, ఇట్టే ఆరిపోయే లారీ రంగుతో కాదు, వారాల తరబడి ఆరని నూనె రంగులతో. ఇంజను కాళ్లు ముడుచుకుని పడుకుంది. బెల్టు నాలుకై వడ్లరాశిని నాకుతోంది. చక్రం నడుమ ఒక కన్ను. తర్వాత మొదటిసారి చూసినప్పుడు నేనూ జడుసుకున్నాను.

సేటు మండిపడ్డాడు. "ఇంజన్ గియ్యమంటే దయ్యాన్ని గీసినవ్. ఆ కన్ను తుడిసెయ్, లేకుంటే తీస్కపో."

"కన్ను తీస్తే సచ్చిపోతది సేటూ. నేను తుడువ. ఇన్నేండ్లు మంది చెప్పింది గీసిన. ఇది నాది."

తడి బొమ్మను బస్సు ఎక్కించలేక మిల్లులోనే ఓ మూల నిలబెట్టాడు. దసరా నాడు లారీ మాట్లాడుకుని దానికోసం వెళ్తే, పక్క దుకాణం వాణ్ణి కాబట్టి తోడు నేనూ వెళ్లాను.

అక్కడ యంత్రాలకు పూజ జరుగుతోంది. సేటు తల్లి కస్తూరమ్మ కొత్త మోటారును చూసి, "దీనికి మొకమే లేదు" అంది. భర్త పోయాక కుంకుమ ముట్టని మనిషి, భరిణ అందుకుని మూలకు నడిచింది. బొమ్మలోని ఇంజను నుదుట బొట్టు పెట్టింది.

"ఆయన పోయినంక మమ్ముల సాకింది నువ్వే" అంది.

కుంకుమ తడి రంగులో అతుక్కుపోయింది. నలుగురిలో తల్లి చేసిన పనికి సేటు కంగారుపడ్డాడు. "తులసీరాం, ఆ బొట్టు జర తుడిసి, బొమ్మ సక్కగ చెయ్యి."

తన బొమ్మ మీద ఎవరి వేలూ పడనివ్వడు తులసీరాం. బొట్టు వైపు చూశాడు.

"తుడువ సేటూ. అది అమ్మది."

బద్రీనాథ్ తల దించుకున్నాడు. బొమ్మకోసం గోడకు మేకు కొట్టమన్నాడు.