తెర ముందు నర్సింలు సార్

నర్సింలు సార్ దివంగతులయ్యారన్న వార్త గచ్చిబౌలిలో మా ఆఫీసు బస్సు ఎక్కుతుండగా తెలిసింది. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. యాభై ఏడేళ్ళు. ఎవరో నా చెయ్యి పట్టుకొని సీట్లో కూర్చోబెట్టారు. రింగు రోడ్డు మీద విమానాశ్రయం దాకా అందరూ ఏమేమో అడుగుతూనే ఉన్నారు, నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. అయ్యో, ఇంత తొందరేమొచ్చింది సార్ మీకు, నేను చెప్పాల్సింది ఇంకా చెప్పనే లేదు కదా అని లోపల ఒకటే రొద.

ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు. ఈ నగరం నుంచి విమానమెక్కిన అసంఖ్యాక ప్రయాణికుల సామాను ఆయన దృష్టిని దాటే వెళ్ళింది. వాళ్ళలో ఒక్కరైనా ఆయన ముఖం చూసి ఉండరు. కౌంటరులో అప్పగించిన పెట్టెలు బెల్టు మీద లోపలికి వెళ్ళాక, ఎక్స్‌రే తెర మీద వాటి లోపల ఏముందో చూసి విమానానికి వదిలే స్క్రీనర్ ఉద్యోగం ఆయనది. ఆ విద్య నాకు నేర్పిన గురువూ ఆయనే. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, చందానగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరి, ఆ తరువాత ఒక ఐటీ క్యాంపస్ గేటు దగ్గర కార్ల కింద అద్దం పెట్టి చూస్తూ, డ్యూటీ దిగాక చదువుకొని, మూడో ప్రయత్నంలో స్క్రీనర్ పరీక్ష గట్టెక్కిన కష్టజీవి. ఆ సర్టిఫికెట్‌ను ఇంట్లో దేవుడి పటాల వరసలో గోడకు తగిలించుకున్నారు.

నేను తెనాలి దాన్ని. మణికొండ హాస్టల్లో ఉంటూ, నోటి దురుసు తప్ప వేరే ఆస్తి లేకుండా ఉద్యోగంలో చేరాను. మొదటి రోజే రంగులన్నీ అప్పజెప్పాను. నీలం కనబడితే లోహం, నారింజ కనబడితే తిండీ బట్టలూ, అలాగ. ఆయన నవ్వి, "మంచిగనే బట్టీ పట్టినవ్. ఇగ జర పక్కన పెట్టు," అన్నారు. తెర మీద ఒక పెట్టె ఆపి, "గిది ఎవలదో చెప్పు," అన్నారు.

"నాకెలా తెలుస్తుందండీ, పేరు కనబడదుగా!"

"ఒక్కటే కంచం, ఒక్కటే గ్లాసు, చిన్న కుక్కర్. ఒక్కడే వండుకొని తింటడు పాపం. ముందుగాల మనిషిని చూడు బిడ్డా. ఆ మనిషికి తగని వస్తువు అప్పుడు దానంతట అదే కనబడతది."

అంతకు మించిన పాఠం ఏ శిక్షణ తరగతిలోనూ నాకు దొరకలేదు.

ఒకసారి పుణెకు వెళుతున్న ఒక పెద్దావిడ పెట్టెలో ఎండుకొబ్బరి చిప్పలు కనబడ్డాయి. నూనె ఉండే వస్తువు, నిప్పంటుకుంటుందని విమానంలోకి వెళ్ళనివ్వరు. పిలిపించి తీయించబోతే ఆవిడ భోరుమంది. కూతురి సీమంతానికట. నేనైతే రూలు చదివి వినిపించి ఊరుకునేదాన్ని. సార్ మాత్రం, "ఫికర్ చెయ్యకు అమ్మా, నేనైతే పారెయ్య," అని ఆ కొబ్బరి సంచి పట్టుకొని, తన భోజనం గంటలో బయటి గేటు దాకా నడిచి, ఆవిడను దింపడానికొచ్చిన అల్లుడి తమ్ముణ్ణి వెతికి పట్టుకొని అప్పగించి వచ్చారు. ఆ రోజు ఆయన క్యారియరు విప్పకుండానే మళ్ళీ తెర ముందు కూర్చున్నారు.

ఆయనకు కోపం రావడం మాత్రం ఒక్కసారే చూశాను. మా పనిలో ఒక నియమం ఉంది. ఇరవై నిమిషాలకు మించి ఎవరూ తెర ముందు కూర్చోకూడదు. అంతకు మించితే కళ్ళు చూస్తూనే ఉంటాయి, బుర్ర చూడదు. ఫోన్లు బయట పెట్టెలో పెట్టి రావాలి, ఆ గదిలో గడియారం కూర్చున్నవాళ్ళ వీపు వెనక ఉంటుంది. కాబట్టి తెర ముందున్నవారికి కాలం తెలియదు. లేపే బాధ్యత జతగాళ్ళది. లేవగానే రిజిస్టరులో సమయం రాయాలి. రద్దీలో ఎవరు రాస్తారండీ? గళ్ళు ఖాళీగా వదిలేసి, తీరిక దొరికాక అన్నీ ఒక్క ఊపున నింపేవాళ్ళం. అందరికీ అదే అలవాటు. నేను అలా నింపుతుంటే సార్ కలం లాక్కున్నారు.

"తర్వాత రాస్తే గది రిజిస్టర్ గాదు, కథ అయితది. కథలు రాసుకునుడుంటే ఇంటికాడ కూసొని రాసుకో!"

చెవులు పట్టుకొని, ఇక ఎన్నడూ అలా చెయ్యనని మాటిచ్చాను. ఆయన నమ్మారు.

కిందటి ఎండాకాలం. అప్పటికి నేను షిఫ్టుకు ఇన్‌చార్జిని, గురువుగారు నా కింద పనిచేస్తున్నారు. ఆ రోజు మూడో మనిషి సెలవు. పదీ నలభైకి నేను లేచి సార్‌ను కూర్చోబెట్టాను. పదకొండుకు వచ్చి లేపాలి. ఇంతలో ఒక సూట్‌కేసులో పెట్టకూడని పవర్ బ్యాంకు కనబడిందని దాని యజమానిని బయటి తనిఖీ బల్ల దగ్గరికి పిలిపించారు, నేను వెళ్ళాను. మెడలో ఐటీ కంపెనీ ట్యాగు, మొహాన చిరాకు. "నేనెవరో తెలుసా? మీ మేనేజర్‌ని పిలు!" అన్నాడు. "మీరెవరో తెలీదండీ, మీ పెట్టెలో ఏముందో తెలుసు," అన్నాను. మాటకు మాట పెరిగింది. అక్కడ పెట్టెలు విప్పించే అమ్మాయికి అప్పగించి వెళ్ళిపోవచ్చు. కానీ చివరి మాట నాదే కావాలన్న పంతం! తిరిగొచ్చేసరికి పదకొండూ ఇరవై రెండు. సరిగ్గా మూడు నిమిషాల ముందు, తనిఖీ అధికారులు మమ్మల్ని పరీక్షించడానికి ఉత్తుత్తి బాంబు పెట్టి పంపిన పెట్టె తెర మీదికి వచ్చింది. సార్ దాన్ని వదిలేశారు.

నా వెనకే అధికారులు గది వైపు వస్తున్నారు. రిజిస్టరులో పదీ నలభైకి నేను రాయవలసిన గడి ఖాళీగా ఉంది. సార్‌ను కూర్చోబెట్టిన సమయం వాళ్ళు గుమ్మం దాటేలోగా 'పదకొండూ అయిదు' అని రాశాను. కలం మూసి జేబులో పెట్టుకున్నాను.

"పద్నాలుగో నిమిషానికే మిస్సయ్యారా?" అని అధికారి అడిగాడు. సార్ రిజిస్టరు చూశారు. నా చేతిరాత చూశారు. "తప్పు నాదే సార్. కండ్లు దెబ్బతిన్నట్టున్నయ్," అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఛీ, నోటి దురుసు దాన్నని చెప్పుకున్నానే, ఆ నోరు ఆ రోజు పెగల్లేదు.

ఆయన్ను తెర మీంచి తప్పించారు. మళ్ళీ పరీక్ష రాసే అవకాశమిచ్చినా రాయలేదు. కౌంటర్ల దగ్గర క్యూలో నిలబడి, పెట్టెల్లో లైటర్లున్నాయా అని అడిగే పనిలో వేశారు. నేను ఎదురుపడితే ఆయనే నన్ను ఓదార్చేవారు. "పరేషాన్ గాకు బిడ్డా, వయసు మీద పడ్డది, అంతే." రేపు చెబుతాను, జీతాల రోజు దాటాక చెబుతాను, దసరా వెళ్ళాక చెబుతాను అనుకుంటూ అయిదు నెలలు గడిపాను.

ఆయన పోయిన మూడో రోజు చందానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య అంజమ్మగారు నన్ను చాప మీద కూర్చోబెట్టి చెప్పారు.

"మూడుసార్లు దవాఖానకు వోయిండు. కండ్లు సాఫ్ ఉన్నయని డాక్టర్ చెప్పినా వింటెనా? పొద్దుగాల్నే చాటల బియ్యం పోసి, అండ్ల రాళ్ళు కలిపియ్యమనేటోడు. మొత్తం ఏరేటోడు, ఒక్కటి గూడ ఇడువకపోయేటోడు. ఏరినంక మల్ల అదే మాట. పద్నాలుగు నిమిషాలకే ఎట్ల తప్పింది అంజమ్మా, అని. రిజిస్టరే తప్పేమో అంటే నా మీద గుస్స చేసిండు. గా పిల్ల రాసింది, తప్పు గాదు అన్నడు."

అప్పుడు చెప్పాను. అన్నీ చెప్పాను. ఆమె గోడ మీది సర్టిఫికెట్ వైపు చూశారు.

"గీ ఒక్క ముచ్చట ఆయనకు చెప్పకపోతివి బిడ్డా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సంతాప సభలో మా అధికారి ఒకరు, చూపు మందగించినా సేవానిరతి తగ్గని మహామనిషి అని ఆయన్ను కొనియాడారు. నాకు మైకిచ్చారు. ఏడుపు తప్ప ఏమీ రాలేదు, దిగి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పైవాళ్ళకూ ఇదే రాసిచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, నాకూ తెలుసు. ఆ రోజు ఆయన అప్పటికే తెర ముందు కూర్చుని ముప్పై తొమ్మిది నిమిషాలైంది. ఆయన చూపులో ఏ లోపమూ లేదు. లేపవలసిన దాన్ని నేను, లేపలేదు.

అంతటి గురువు ఈ జన్మకు మళ్ళీ దొరకరు. ఆయనకు నివాళి అర్పించే అర్హత నాకు లేదు, అయినా చేతులు జోడిస్తున్నాను. ఈ నాలుగు మాటలు మీరెందరు చదివినా ఫలం లేదు. చదివి, "అట్లనా బిడ్డా," అని ఊపిరి పీల్చుకోవలసిన ఒక్క మనిషి ఇక చదవరు.