ముల్లంగి వెయ్యని సూపు

ఎనభైల చివర్లో మా నాన్న రేపల్లెలో పాస్టరుగా ఉండేవారు. ఏటా చలికాలంలో గుడిలో కోతపండుగ జరిగేది. ఎవరి పొలంలో పండింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవారు. ఎవరూ పాడుకోనివి మాత్రం మా వంటింటికి చేరేవి.

ఆ ఏడు మాకు దక్కినవి వాడిపోయిన ఒక కాలీఫ్లవరు, సగం క్యాబేజీ, నాలుగు క్యారెట్లు, గుప్పెడు బీన్సు, నలిగిన టమాటాలు, ఇవికాక రెండు కట్టల ముల్లంగి. ముల్లంగి ఏ ఏడూ అమ్ముడుపోయేది కాదు.

అమ్మ నర్సు. ట్రైనింగులో ఉండగా రోగులకు కాచే సూపు నేర్చుకుంది. "ఇవన్నీ విడివిడిగా కూరకు చాలవు. సూపు పెడదాం" అంది. అక్కా నేనూ తరిగాం. ముల్లంగి చెక్కు తీసింది మాత్రం నాన్నే. అన్నీ కుక్కరులో ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, చిక్కదనానికి గంజి పోసి, మిరియాల పొడి, వెన్న వేసింది అమ్మ.

సరిగ్గా అప్పుడే సంఘపెద్ద వచ్చారు. కొల్లూరు లంకల్లో తోటలున్న మనిషి. మేం తాతగారూ అని పిలిచేవాళ్ళం. ఆయనకు ముల్లంగి గిట్టదని సంఘమంతటికీ తెలుసు. చిన్నప్పుడు బాపట్లలో హాస్టల్లో మూడేళ్ళపాటు పూటపూటా ముల్లంగి పులుసే పోశారట. తర్వాత నలభై ఏళ్ళుగా ఆయన ఇంటి గడప ముల్లంగి తొక్కలేదు.

"ఏంటమ్మగారూ, ఘుమఘుమలాడిపోతోంది?" అన్నారు కుర్చీలో కూర్చుంటూ. జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంది. ఆ ముక్కుకే ఘుమఘుమ తగిలిందంటే ఆకలి మీదున్నారన్నమాట.

"సూపండి. కాస్త తాగుతారా?" అంది అమ్మ.

"తాగుతాను గానీ, ముల్లంగి వెయ్యలేదు కదా?"

అమ్మ నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "ముల్లంగా? అబ్బే, లేదండి తాతగారూ!"

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను. నాన్న పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం కప్పుకున్నారు. తాతగారు గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ పోయించుకుని, అడుగున ఉన్నది చెంచాతో గీరి మరీ తాగారు. "పాస్టరుగారింట్లో ఇంత రుచి ఉందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదే!" అంటూ వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటగానే నాన్న పేపరు దించారు. "అబద్ధం చెప్పావు."

"మీరు నిజం చెప్పలేదు కదా నాన్నా" అంది అక్క.

నాన్న ఆ వారం ప్రసంగం రాసుకోవడానికి చాలా ఇబ్బంది పడ్డారు.

తర్వాతి ఆదివారం తాతగారు తోటలోంచి కూరగాయల గంప మోయించుకుని వచ్చారు. "అదే సూపు చెయ్యండమ్మా" అన్నారు. గంపలో ముల్లంగి తప్ప అన్నీ ఉన్నాయి. అమ్మ చేసింది. ఆయన ఒక గుక్క తాగి, ఆలోచించి, ఇంకో గుక్క తాగారు.

"ఏదో తగ్గిందమ్మగారూ. ఆ రోజున్న ఘాటు లేదు."

నాన్న అక్క వైపు చూశారు. అక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. చివరికి అక్కే తల దించుకుని, "అందులో ముల్లంగి వేశామండి. నేను అబద్ధం చెప్పాను. క్షమించండి" అంది.

తాతగారు గ్లాసు కింద పెట్టారు. మీసం దువ్వుకున్నారు. కోపం వస్తుందనుకుంటే మొహంలో కనిపించింది దిగులు.

"నలభై ఏళ్ళుగా మా ఆవిడను ముల్లంగి వండనివ్వలేదు. ఇప్పుడు బాగుందన్నానని తెలిస్తే నన్ను బతకనిస్తుందా?" అన్నారు. తర్వాత అమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఈసారి వేసినా నాకు చెప్పకండి."

మేం రేపల్లెలో ఉన్నన్నాళ్ళూ చలికాలంలో ఆయన సూపు కోసం వచ్చేవారు. "ఏమేం వేశారమ్మాయ్?" అని ప్రతిసారీ అడిగేవారు. అక్క లెక్క చెప్పినట్టు మొదలెట్టేది. "క్యారెట్టు, క్యాబేజీ, బీన్సు, టమాటా, ఇంకా…"

"చాలు చాలు" అని చెయ్యెత్తి, గ్లాసు ముందుకు చాపేవారు.