వీడియో లేదన్నాను

జహీరాబాద్ బజారులో మా ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు వీడియోలు తీసేది ఆయనా, ఆయన దగ్గర పనిచేసే ఇద్దరూ. వాళ్లు అడుగుపెట్టకూడని చోటికి నేను వెళ్తాను. పెళ్లికూతురికి పసుపు నీళ్లు పోసే పెరడు, పెద్దమనిషైన పిల్లను కూర్చోబెట్టిన గది, సీమంతం జరిగే వసారా. పదేళ్లుగా ఇదే నా పని.

నన్ను పిలిచేవాళ్లు ముందుగా ఒకటే అడిగేవారు. "వీడియో ఉంటదా?" ఉండదు అనేదాన్ని. అది నిజం. నా పాత కెమెరాలో వీడియో తీసే ఏర్పాటే లేదు. ఫోటో అంటే ఆడవాళ్లకు భయం తక్కువ. తీసేముందు చెప్తాం కాబట్టి కొంగు సర్దుకుంటారు, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటారు, వద్దనుకుంటే మొహం పక్కకు తిప్పుకుంటారు. వీడియో అంత వ్యవధి ఇవ్వదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆ కెమెరా షటర్ పోయింది. హైదరాబాద్‌లో బాగుచేసే ఆయన సామాను దొరకదని తేల్చి చెప్పాడు. అదే రోజు మా ఆయనతో కెమెరాల దుకాణానికి వెళ్లి, వీడియో లేనిది చూపించమని అడిగాను. దుకాణం ఆయన నా వైపూ మా ఆయన వైపూ చూసి నవ్వాడు.

"ఇప్పుడు వీడియో లేకుండ ఎవడు చేస్తుండమ్మా? ఉన్న ఒకటీ రెండూ మీరు కొనేటివి కావు."

తిరుగు ప్రయాణంలో బస్సులో మా ఆయనా నేనూ దాని మీదే వాదించుకున్నాం.

"ఉంటే నీకేం నష్టం? వాడకుంటే ఐపాయె," అన్నాడాయన.

"ఉందంటే ఏదో ఒకరోజు చెయ్యి పడుతది."

"కత్తి ఉందని కూర తరగడం మానేస్తమా? గింతదానికి ఫికర్ ఎందుకు?"

ఆయన మాట తీసెయ్యడానికి లేదు. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఒక కంటితో రెండు పనులు చేసే వస్తువును ఆడవాళ్ల మధ్యకు ఎట్లా తీసుకుపోవాలో తెలియలేదు. చివరికి వీడియో ఉన్న కెమెరాయే కొన్నాం. షటర్ పక్కనే శనగగింజంత ఎర్ర బటన్ ఉంది. అది నొక్కితే వీడియో మొదలవుతుంది. ఆ బటన్ పనిచేయకుండా లోపలి సెట్టింగుల్లో ఆపవచ్చని మా ఆయన చెప్పాడు. ఆపుదాంలే అనుకుంటూనే నెల గడిచిపోయింది.

అప్పుడే న్యాల్‌కల్ వైపు ఒక ఊరి నుంచి పెళ్లి పని వచ్చింది. ఫోన్ చేసింది పెళ్లికూతురి మేనత్త. యాభై ఏళ్ల మనిషి. భూమీ పుట్రా ఉన్న ఇల్లు. వాళ్ల తల్లిది బీదర్ దగ్గర కన్నడం మాట్లాడే ఊరట.

"పొద్దుగాల పసుపు నీళ్లు పోస్తం చెల్లె. ఫోటోలు చాలు. ఆ వీడియోలు గీడియోలు వద్దే వద్దు. ఇంట్ల ఆడోళ్ల ఫోన్లన్నీ నేనే గుంజుకుంట. మీ కెమెరల వీడియో ఉందా?"

"లేదక్కా," అన్నాను.

అబద్ధం ఆడదామని ఆడలేదు. పదేళ్లుగా అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పిన నోరు, నేను ఆలోచించేలోపే ఆ మాట అనేసింది. వెంటనే సర్దుకుని, "కొత్త కెమెరాల ఉందక్కా, వాడను," అని ఉండవచ్చు. అనలేదు. ఆ మనిషి గొంతులో ఉన్న కరుకుదనం చూస్తే పని చేజారిపోతుందనిపించింది.

ఆ రోజు పొద్దున నేను వెళ్లేసరికి పెరడు చుట్టూ పాత చీరలు అడ్డం కట్టి ఉన్నాయి. గుమ్మం దగ్గర మేనత్త వెదురుబుట్ట పట్టుకుని నిలబడి, లోపలికి వచ్చే ప్రతి ఆడమనిషి దగ్గరా ఫోన్ అడిగి అందులో వేయిస్తోంది. నాది కూడా వేశాను. నా మెడలోని కెమెరాను తలతో చూపిస్తూ మళ్లీ అడిగింది.

"గిది ఫోటోలకే గద?"

"ఫోటోలకే అక్కా."

రెండోసారి. ఈసారి ఆలోచించే అన్నాను.

పీట మీద పెళ్లికూతుర్ని కూర్చోబెట్టారు. పసుపూ సున్నిపిండీ పూశారు. నాయనమ్మ గోడకానుకుని కూర్చుని పాట అందుకుంది. సగం కన్నడం, సగం తెలుగు. సన్నగా మొదలై, ఊపిరి అందక తెగి, మళ్లీ అందుకునే గొంతు. కాగుల్లోని నీళ్లు పెళ్లికూతురి మీద పోయడం అయ్యాక ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పసుపు నీళ్లు చల్లుకోవడం మొదలుపెట్టారు. అరుపులు, నవ్వులు, జారిపడటాలు. నా చేతుల మీదా పడ్డాయి. కెమెరాను పొట్ట మీదికి వదిలేసి, కొంగుతో దాన్నీ నా చేతుల్నీ తుడుచుకున్నాను. ఎవరో బెల్లం ముక్క ఇస్తే తింటూ నిలబడ్డాను.

ఆ ఇంటి చిన్నకోడలు నీళ్ల చెంబుతో నా ముందుకు వచ్చి ఆగిపోయింది.

"అక్కా, మీ కెమెరా మీద ఎర్రలైట్ వెలుగుతుందేంది?"

తల వంచి చూశాను. ముందువైపు చిన్న ఎర్రచుక్క. వెనక తెర చుట్టూ ఎర్రగీత. మూలన అంకెలు నడుస్తున్నాయి. ఆరు నిమిషాలు దాటింది. తుడిచేటప్పుడు బటన్ నొక్కుకుపోయింది. గబుక్కున ఆపాను. ఆ తొందరపాటే నన్ను పట్టిచ్చింది.

"అది రికార్డింగ్. మా తమ్ముని కెమెరకు చూసిన," అంది చిన్నకోడలు.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. తడిసిన చీరలతో ఉన్నవాళ్లంతా చేతులు ఎదకు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె గబగబా వెళ్లి అడ్డం కట్టిన చీరల వెనక నక్కింది. ఆ చేతులు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నన్ను చూసి ఆడవాళ్లు అట్లా కప్పుకోవడం అంతకుముందు ఎన్నడూ లేదు.

మేనత్త నా దగ్గరికి వచ్చి కెమెరా పట్టీని పిడికిట్లో పట్టుకుంది. గట్టిగా అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

"లోపటికి నడువు."

అప్పుడే చీరల అవతల నుంచి పెళ్లికూతురి తండ్రి గొంతు వినిపించింది. "ఏమాయె? అందరు ఒక్కసారి సప్పుడు చేస్తలేరేంది?"

అందరూ మేనత్త వైపు చూశారు. రికార్డింగ్ అన్న మాట బయటికి పోతే మగవాళ్లు లోపలికి వస్తారు. కెమెరా వాళ్ల చేతికి పోతుంది. అందులో ఏముందో ముందు వాళ్లే చూస్తారు. ఆ సంగతి నాకు తట్టడానికి ముందే ఆమెకు తట్టింది.

"ఏం లేదన్నా. నీళ్లు సల్లారినయి. ఇంకో కాగు పెట్టుమను," అంది, గొంతులో ఏ మార్పూ లేకుండా.

జొన్నల బస్తాలు పెట్టిన గదిలోకి తీసుకుపోయి తలుపు గడియ వేసింది. చిన్నకోడలూ, పసుపు కారుతున్న పెళ్లికూతురూ, చెయ్యి పట్టి నడిపిస్తే నాయనమ్మా వచ్చారు.

"యాకవ్వా, ఎందుకమ్మా, ఏమైంది?" అని ముసలామె అడుగుతూనే ఉంది.

"లేదంటివి గద," అంది మేనత్త నాతో. "రెండుసార్లు అడిగిన. రెండుసార్లు లేదంటివి."

"తప్పయిందక్కా. బటన్ తెల్వకుండ పడ్డది. ఉందని మాత్రం తెలుసు నాకు."

"చూపియ్యి."

చూపించాను. కెమెరా నా పొట్ట మీద వేలాడుతూ తీసిన వీడియో. మోకాళ్లు, నీళ్లు, పసుపు పాదాలు, ఊగుతున్న గోడ. వెనక నాయనమ్మ పాట. మూడో నిమిషంలో నేను పక్కకు తిరిగినట్టున్నాను. పెరటి మూలన ఒకామె తడిసిన చీర విప్పి, పొడి చీర చుట్టుకుంటోంది. మొహం స్పష్టంగా కనిపిస్తోంది. అది మేనత్తే.

తెరలో పాట ఇంకా నడుస్తోంది. నాయనమ్మ కెమెరా దగ్గరికి చెవి పెట్టి, "అది నేనేనా?" అంది.

"తీసెయ్," అంది మేనత్త.

తీసేశాను.

"పోయిందా?"

పోయిందంటే అక్కడితో అయిపోయేది. బయటికి వెళ్లి మిగతా ఫోటోలు తీసుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఎందుకు నిజం చెప్పానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మూడోసారి అబద్ధమాడితే నా మొహమే చెప్పేస్తుందని భయపడ్డాననుకుంటాను.

"కెమెరాల కనవడది అక్కా. కానీ కార్డుల ఉంటది. కంప్యూటర్ల పెడితే మళ్ల బయటికి తీయొచ్చు."

ఆమె మొహం తెల్లబడింది. "అయితే కార్డు పలగ్గొట్టు."

"అత్తా, నా ఫోటోలు అండ్లనే ఉన్నయి గద," అంది పెళ్లికూతురు. "అమ్మ నాకు పసుపు పెట్టింది, నాయనమ్మ హారతిచ్చింది, అన్నీ అండ్లనే. మళ్ల కూసుండవెట్టి తీస్తరా?"

"ఫోటోల కోసం నన్ను ఊరి మీద పడెయ్యాల్నా?"

"నేనట్లన్ననా?"

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. బయట ఎవరో తలుపు కొట్టారు. ముహూర్తానికి ఇంకా గంటన్నర కూడా లేదు, పిల్లను తయారుచేయాలి అన్నారు. మేనత్త తలుపుకు వీపు ఆనించి నిలబడింది. అప్పుడు చాలా నెమ్మదిగా, నాతో కాకుండా నేలతో మాట్లాడినట్టు చెప్పింది.

"మూడేండ్ల కింద మా ఆడిబిడ్డ ఇంట్ల గిట్లనే ఆడుకున్నం. పాట పెడితే నేను జర ఎగిరిన. ఎవతో ఫోన్ల తీసి గ్రూపుల పెట్టింది. మా ఆయన నాలుగు నెలలు నాతోని మాట్లాడలే. నాకు పెండ్లయిన కొడుకున్నడు. వాని ముంగట తలెత్తలేకపోయిన. అది ఎగురుడే. ఇది చీర ఇడిసిన వీడియో."

పెళ్లికూతురు ఏడుపు ఆపి అత్త చెయ్యి పట్టుకుంది.

నాకు తోచింది చెప్పాను. "కార్డు మీ దగ్గరనే ఉంచుకోండక్కా. నా దగ్గర ఇంకోటుంది, పెండ్లి దాంతోని తీస్త. రేపు మీరే కార్డు తీసుకొని స్టూడియోకు రాండ్రి. మీ ముందట ఫోటోలు తీసి, మీ ముందటనే పలగ్గొడుత."

అబద్ధమాడినదాని మాటే ఆమె మళ్లీ నమ్మాలి. చివరికి చెయ్యి చాపింది. కార్డు తీసి అరచేతిలో పెట్టాను. కొంగు చివర మూడు ముళ్లు వేసి కట్టుకుంది. పెళ్లి జరుగుతున్నంతసేపూ నా కెమెరా ముందుకు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి ఆ ముడి మీదికే పోయింది. తలంబ్రాల దగ్గర, అప్పగింతల దగ్గర, అందరూ ఏడుస్తున్నప్పుడు కూడా. ఆ పెళ్లిలో నేనొక్క ఫోటో కూడా స్థిమితంగా తీయలేదు.

మర్నాడు పదింటికల్లా చిన్నకోడల్ని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది. అంతా ముందే చెప్పి ఉంచాను కాబట్టి మా ఆయన ఏమీ అడగకుండా బయటికి వెళ్లాడు. దుకాణం షట్టర్ సగానికి దించాను. కొంగు ముళ్లు విప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఫోటోలు ఒక్కొక్కటీ తెర మీద చూస్తూ కాపీ చేశాం. నాయనమ్మ పాడుతున్న ఫోటో వచ్చినప్పుడు ఆపమంది. నోరు తెరిచి, కళ్లు మూసుకుని ఉంది ముసలామె.

"పాట ఫోటోల ఇనవడది గద."

"ఫోటో కదక్కా. ఇనవడది."

"ఆ వీడియోల ఉండె."

"ఉండె."

చిన్నకోడలు మెల్లగా అడిగింది. "పాట ఒక్కటే తీయరాదా అక్కా? బొమ్మ లేకుండ?"

తీయవచ్చు. అదే చెప్పాను. అయితే ముందు ఆ వీడియోను ఈ కంప్యూటర్‌లో మళ్లీ బతికించాలి, తర్వాత ఇక్కడ కూడా తుడవాలి అని కూడా చెప్పాను. అప్పుడు కార్డుతో పాటు ఈ డబ్బా మీద కూడా నమ్మకం పెట్టుకోవాలి.

మేనత్త ఆ ఫోటో వైపు చూస్తూ కూర్చుంది. ఆమె సరేనంటే ఏ తప్పూ జరగకుండా ఆ పని చేయగలనా అని నాలో నేను భయపడుతూ ఉన్నాను.

"వద్దు," అంది చివరికి. "మా అమ్మ ఇంక బతికే ఉంది. ఇంటికి పోయి పాడిపిచ్చుకుంట. పలగ్గొట్టు."

కటింగ్ ప్లేయర్‌తో కార్డును ముక్కలు చేశాను. ముక్కలు లెక్కబెట్టి కాగితంలో కట్టుకుంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"పోయిందని అనకపోతివి. అంటే నేను నమ్ముదును."

అది మెచ్చుకోలో, నమ్మితే ఏమయ్యేదోనన్న భయమో నాకు అర్థం కాలేదు. ఆ ఇంటి నుంచి మళ్లీ నాకు పిలుపు రాలేదు.

ఆ సాయంత్రం మా ఆయన సెట్టింగుల్లో బటన్ పనిచేయకుండా ఆపేశాడు. ఆపినట్టు చూసేవాళ్లకు తెలియదు కదా అని, నేను దాని మీద నల్లటి బంకముద్ద పెట్టి గట్టిపడనిచ్చాను. కెమెరా పాడుచేశావని ఆయన విసుక్కున్నాడు. రేపు అమ్మితే ఎవరు కొంటారన్నాడు. మా ఇద్దరి మధ్యా ఆ వాదన ఇంకా తెగలేదు. నాయనమ్మ గొంతు పట్టగలిగిన వస్తువును పనికిరాకుండా చేశానని ఆయన అంటాడు. వీడియో లేని కెమెరా ఆడవాళ్ల కోసమైనా ఒకటి ఉండాలని నేనంటాను.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, ఉంది, బటన్ మూసేశాను, వచ్చాక చూపిస్తాను అంటున్నాను. కొందరు ఆ మాటకే వద్దంటారు. మొన్న రాయికోడ్‌లో ఒక సీమంతానికి పోతే, గుమ్మంలోనే ఆ ఇంటి అత్తగారు కెమెరా తీసుకుని ఆ బంకముద్దను గోటితో గీకి గీకి చూసింది. ఊడలేదు. అయినా లోపలికి రమ్మనలేదు. కోడల్ని అడిగి వస్తానని వెళ్లింది. నేను చెప్పులు విప్పకుండా, ఆమె వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాను.