పేలని మక్కలు

మూత కింద మొదటి గింజ టప్పుమని ఎగిరిందంటే నాకు గౌసియా చాచీ గుర్తొస్తుంది. వేడి నూనెలో పసుపు, మొక్కజొన్న కలిసి వేగే ఆ వాసనకు ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను. సగం పేలాలకు ఉప్పూకారం, సగానికి బెల్లం పాకం పట్టించడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. టేకులపల్లిలో మా పక్కిల్లే ఆమెది. వారం వారం అంగడిలో పేలాలు అమ్మేది. ఏదైనా మొహం మీదే అనేసే మనిషి. నా నోరూ తక్కువదేం కాదు, అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

నేను పెళ్లై వచ్చిన కొత్తలో చాచీ కంటికి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు పొయ్యి దగ్గరికే పోవద్దన్నారు. అంగడిలో ఒక్క వారం చోటు ఖాళీగా కనిపిస్తే చాలు, ఇంకెవరో గంప దించుతారు. మళ్లీ లేవరు. ఒంటరి మనిషి, ఆ చోటే ఆమెకు బతుకుతెరువు.

"నా జాగల నువ్వు కూసో బేటీ. పోయిందంటే మళ్ల దొరకది" అంది.

సరేనన్నాను. నాకంటూ ఒక సంపాదన ఉండాలని నాకూ ఉండేది.

మా పుట్టిల్లు తిరుమలాయపాలెం వైపు, మిర్చి పండించే ఇల్లు. పంట ఏదైనా గలగలలాడేదాకా ఎండబెట్టడమే మాకు తెలిసిన విద్య. చాచీ ఇచ్చిన మక్కలను, అదే మొక్కజొన్న గింజలను, కూడా డాబా మీద పోసి, మిరపకాయల్లాగే తిరగేస్తూ బాగా ఎండనిచ్చాను. తీరా అంగడి రోజు పొద్దున కడాయిలో పోస్తే అవి పేలవే! ఎక్కడో ఒకటి ఎగిరింది, మిగతావన్నీ అడుగున కూర్చుని ఎర్రబడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. నా చోటైతే పోతే పోయిందనుకునేదాన్ని, అది ఆమెది.

గోడ అవతల నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న చాచీ కేకేసింది.

"ఏందే, సప్పుడు రాకపాయె?"

"పేలుతలేవు చాచీ. మంచిగ ఎండబెట్టిన కూడా."

"ఎండబెట్టినవా! మిర్చి అనుకున్నవా ఏంది? లోపల జరంత తడి ఉంటెనే గింజ పేలుతది."

"అయితే పాడైనట్టేనా?"

"పాడైనయని ఎవరు జెప్పిండ్రు? నోట్ల ఏస్కొని చూసినవా?"

చూడలేదు. అప్పుడు వేసుకున్నాను. గట్టిగా ఉన్నా కమ్మగానే ఉన్నాయి. గోడ అవతల నుంచి ఆమె చెబుతుంటే మాడినవి ఏరేసి, మిగతావి రోట్లో బరకగా దంచాను. సగాన్ని బెల్లం పాకంలో ఉండలు చుట్టాను, సగంలో ఉప్పు, కారం, వెల్లుల్లి కలిపాను. అంగడిలో పేలాలేవని అడిగినవాళ్ల చేతిలో అవే పెట్టాను. కొందరు మూతి విరిచారు. పళ్లు లేని ముసలమ్మలు మాత్రం మళ్లీ చెయ్యి చాపారు. సాయంత్రానికి గంప ఖాళీ అయింది, చోటు నిలిచింది. ఇంటికొచ్చి చెబితే చాచీ నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

కన్ను నెమ్మదించాక ఒకరోజు చాచీ అంగడికి వచ్చింది. అప్పటికి నా మక్కలు చక్కగా పేలుతున్నాయి. నేను లేవబోయాను.

"కూసో. నేను కొననీకి వచ్చిన" అని ఉప్పు పేలాలు నాలుగు నోట్లో వేసుకుని, అందరూ వినేటట్టు "ఉప్పు తక్కువైంది" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేనూ నాలుగు నమిలి చూశాను. "తక్కువ కాలేదు చాచీ. సరిగ్గనే ఉంది."

ఆమె పకపకా నవ్వింది. "అవ్, సరిగ్గనే ఉంది. గట్ల చెప్తవా లేదా అని చూసిన. ఇగ ఈ జాగ నీదే. నేను ఇంట్ల కూసొని పాకం పడత."

చాచీ పోయి కొన్నేళ్లయింది. ఆమె లేని లోటు నాకు తీరలేదు, తీరదు కూడా. కానీ బాగాలేదని ఎవరైనా అంటే ఇప్పుడు గాబరా పడను. ముందు నోట్లో వేసుకుని చూస్తాను. తప్పయితే ఒప్పుకుంటాను, కాకపోతే కూర్చున్న చోటు నుంచి లేవకుండానే కాదంటాను.