ఈశ్వరి ఆపరేషన్‌కు అడ్డుపడిన దాసమ్మ

దాసమ్మ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. నలభై ఇంకా నిండలేదు. ఈమధ్య పోగు చుట్టిన నాడె చేత పట్టుకుని, తర్వాత ఏ రంగు పోగు వేయాలో తోచక మగ్గం ముందు అట్లే కూర్చుండిపోతోంది. ఒంట్లో ఆవిర్లు. నిద్ర లేదు. వయసన్నాడు మొగుడు సుంకప్ప. దిష్టి అంది పక్కింటామె. రెండూ నమ్మక ఆమె హిందూపురం బస్సెక్కి సర్కారు డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ అడిగింది: "గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసినారు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఐదేండ్ల కిందట కడుపునొప్పి అంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కోసి గర్భసంచి తీసి పంపినారు. ఇద్దరు పిల్లలు పుట్టినాక ఇంక అదెందుకని తీయించుకోవడం ఆ చుట్టుపక్కల మామూలే. ఆడదాని నొప్పి కూర్చుని వినేవాడు దొరకడు గానీ, కోసేవాడు వీధికొకడు దొరుకుతాడు.

"అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఊరుతుంది. జ్ఞాపకం, నిద్ర, ఒంటి వేడి చూసుకునే మెదడు కణాలు కొన్ని దాన్ని అందుకుని పనిచేస్తాయి. చిన్న వయసులో ఒక్కసారిగా అది ఆగిపోతే తడబడతాయి. ముందుముందు మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం కూడా కొంత పెరగొచ్చు. వచ్చి తీరుతుందని కాదు. మాత్రలు రాస్తా, మానకుండా రా."

దాసమ్మకు తన సంగతి కంటే చెల్లెలి సంగతి ముందు గుర్తొచ్చింది. ఈశ్వరికి సోమవారం గర్భసంచి తీసే ఆపరేషన్. అదే ప్రైవేటు ఆసుపత్రిలో.

ఆ సాయంత్రమే చెల్లెలి అత్తగారి ఊరు కనగానపల్లికి పోయింది. విన్నదంతా చెప్తే ఈశ్వరి అత్త హనుమక్క పకపకా నవ్వింది.

"నిన్న ఏం తిన్యావో నీకే తెలీదు. నువ్వొచ్చి మాకు మెదడు సంగతి చెప్తాండావా?"

"అందుకే చెప్తాండా. నన్ను చూసైనా తెలుసుకోండి."

"రక్తం ఆగడం లేదక్కా. ఇంకెన్నాళ్ళు పడాల?" అంది ఈశ్వరి.

"తీయాల్సిందైతే తీయనీ. హిందూపురం డాక్టరమ్మకు ఒకసారి చూపించి, ఎందుకో అడిగి తీయించుకో."

ఈశ్వరి మొగుడు యువరాజ్ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "మళ్ళీ ఇంకో ఆసుపత్రంటే నాకు లీవెవడిస్తాడు వదినా?" అని విసుక్కున్నాడు.

"నువ్వు రావద్దులే మరిదీ. ఒక మాట చెప్పు. కారులో చప్పుడొస్తే ఇంజను పీకి పారేస్తారా మీరు?"

"యాడ చప్పుడొస్తాందో చూస్తాం."

అన్నాక అతనే తల గోక్కున్నాడు. "సరే, తీస్కపో."

సోమవారం పొద్దున అక్కచెల్లెళ్ళు హిందూపురం బస్సులో ఉన్నారు. పెనుకొండ దగ్గర దాసమ్మ చెల్లెలి చేయి గట్టిగా పట్టుకుంది.

"ఆడికి పోయినాక నాకు మాట తోచకపోవచ్చు. ఏది తీస్తారు, ఎందుకు తీస్తారు, ఏది ఉంచుతారు? ఇది నువ్వే అడగాల. ఏదీ, చెప్పు."

ఈశ్వరి చెప్పింది. ఇంకోసారి చెప్పించింది. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, "ఏమమ్మా, పరీచ్ఛకు పోతాండారా?" అన్నాడు.

"ఊ, పెద్ద పరీచ్ఛే," అంది దాసమ్మ.

డాక్టరమ్మ ముందు దాసమ్మ నోట నిజంగానే మాట రాలేదు. ఈశ్వరే గొంతు సవరించుకుని మూడూ అడిగింది. డాక్టరమ్మ స్కానింగ్ తీయించి చూసింది.

"గర్భసంచిలో చిన్న గడ్డ. ముందు మందులతో చూద్దాం. లొంగకపోతే అప్పుడు ఆపరేషన్ మాట. అండాశయాలు బాగున్నాయి, వాటిని ముట్టుకోవాల్సిన పని లేదు."

"ఆ చివరి మాట ఇంకోసారి చెప్పు తల్లీ," అంది దాసమ్మ.