జిల్లేడు పాలంటిన చెయ్యి

నిజాం కాలంలో మోత్కూరు దగ్గర మేకలు కాసేనాటికి నాకు పదేళ్లు. అమ్మ పాదంలో తుమ్మముల్లు విరిగితే జిల్లేడు పాలు పూశాను. చెయ్యి కడుక్కోకుండానే ఆమె కంట్లో పడ్డ నలుసు తీశాను. సాయంత్రానికి అమ్మ, "బిడ్డా, గీ కంటికంతా పొగ లెక్క కనవడ్తాంది" అంది.

నాయిన బండి కట్టి ఆలేరు దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు కన్ను కడిగి, "గా పాలు ముల్లుకు మందే, కంటికి విషం. నాలుగొద్దులు చూద్దాం" అన్నాడు.

"నేనే కన్ను నలుపుకున్న" అంది అమ్మ, నా వైపు చూడకుండా.

ఆ నాలుగు రోజులూ నాకు ముద్ద దిగలేదు. ఐదోనాడు పొద్దున అమ్మ మంచి కన్ను మూసుకుని నా తలలోకి చూసి, "గిన్ని పేలున్నయేందే! దువ్వెన తే" అంది. ఆమె ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాను.

నాయినకు నిజం చెప్పే ధైర్యం మాత్రం నాకు ఎన్నడూ రాలేదు.