పిట్టల స్క్రూ

మా ఆయన కుదురుగా కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. ఒళ్లు కుర్చీలో ఉంటుంది, కాలు మాత్రం నేలను తన్నుతూనే ఉంటుంది. అన్నం తింటూ చెంచాతో కంచం అంచు మీద కొట్టి, "దీనికి తోక ఎక్కువ" అంటారు. శబ్దానికి తోకేమిటండీ అంటే, మోగాక మిగిలేదట. పెళ్లయిన కొత్తలో అదంతా ముచ్చటగానే ఉండేది. ఇరవై నాలుగేళ్లయ్యాక, ఆ చెంచా లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామా అనిపిస్తుంది.

ఇరవై ఏళ్లు సీసాల ఫ్యాక్టరీలో పనిచేశారు. ఖాళీ సీసాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వచ్చే చోట, మిషన్ ఆగకుండా చూసుకోవడం ఆయన పని. చెవుల్లో దూది పెట్టుకోండి మహాప్రభో అంటే, "దూది పెట్టుకుంటే మిషన్ జబ్బు ఎలా తెలుస్తుంది?" అని నా మీదే ఎగిరేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ముందు గదిలోనే స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు పెట్టారు. కాస్త తీరిక దొరికితే చాలు, ఆ పెట్టె ముందేసుకునేవారు.

పాత అలమర తలుపు కోసి చేసిన చెక్క పెట్టె అది. భుజానికి తగిలించుకునే బెల్టు, పైన పన్నెండు నాబ్‌లు, పక్కన స్పీకరు, లోపల బ్యాటరీ. దాంట్లో పాటలు రావు. ఒక నాబ్ తిప్పితే రేకుల మీద వాన, ఇంకోటి తిప్పితే గాలి, మరోటి తిప్పితే దూరంగా వెళ్లే రైలు, పొద్దున్నే అరిచే మూడు రకాల పిట్టలు. ఎక్కడో రికార్డు చేసి తెచ్చినవి కావు, తీగలూ చిప్పులూ కలిపి ఆయనే పుట్టించినవి. దాన్ని సింథసైజర్ అంటారని మా అమ్మాయి చెప్పింది. నేను మాత్రం నా సవతి అంటాను.

పూర్తయిపోయిందని ఆర్నెల్లకోసారి ప్రకటించేవారు, వారం తిరక్కుండానే మళ్లీ విప్పేవారు. ఒక్కో శబ్దం ఎంత గట్టిగా రావాలో లోపల ఒక్కో బుల్లి స్క్రూ ఉంటుంది. అది కుదిరాక మళ్లీ కదలకుండా దాని తల మీద నెయిల్ పాలిష్ చుక్క పెడతారు. ఎవరి నెయిల్ పాలిష్ అనుకున్నారు? నాదే. ఎన్ని సీసాలు కొన్నా నా గోళ్ల దాకా వచ్చేది కాదు.

ఒకరోజు నాటకాలు వేయించే ఒకావిడ స్పీకరు బాగుచేయించుకోవడానికి వచ్చి, ఆ వాన విని అక్కడే కూలబడిపోయింది. రైల్వే స్టేషన్లో జరిగే నాటకమట, గురువారం సాయంత్రం ప్రదర్శనట. "మాస్టారూ, మీరే తెర పక్కన నిలబడి ఈ పెట్టె వాయించాలి" అంది. ఇక చూసుకోండి, అప్పట్నుంచీ ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరగడమే.

సోమవారం రిహార్సల్‌కి నేనూ వెళ్లాను. వానకి అందరూ వహ్వా అన్నారు. పిట్టలు రాగానే హీరోయిన్ వేషం కట్టినామె మాట మధ్యలో ఆపేసి చెవులు మూసుకుంది. "కాస్త తగ్గించండి మాస్టారూ" అంది నాటకాలావిడ. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఏమీ అనుకోకండమ్మా, ఇలాగే ఉంటే మేం రికార్డే వేసుకుంటాం" అని మెల్లిగా చెప్పింది. 

ఇంటికొచ్చి తగ్గించారా? ఇంకా పెంచారు!

"నాన్నా, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని మా అమ్మాయి పుస్తకాలు తీసుకుని మేడ మీదికి పోయింది.

"అసలు వినపడటమే లేదు, తగ్గించాలట! వీళ్లకేం తెలుసు?" అన్నారీయన. మొండితనం అనుకుని నాకు ఒళ్లు మండిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం గట్టిగా దులిపేద్దామనే ముందు గదిలోకి వెళ్లాను. మిగతా నాబ్‌లన్నీ కట్టేసి ఒక్క పిట్టలే పెట్టారు. గది గోల గోలగా ఉంది. ఆయన స్పీకరుకి చెవి ఆనించి, "బ్యాటరీ అయిపోయిందా ఏమిటే? ఏమీ రావట్లేదు" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకి వాన వినపడుతోంది, రైలు వినపడుతోంది, నా కేకలూ వినపడుతున్నాయి. ఆ సన్నటి శబ్దం ఒక్కటే వినపడట్లేదు.

"చూస్తానుండండి" అని వంటింట్లోకి వచ్చేశాను. వీధిలో అందరికీ అన్నీ చెప్పేదాన్ని, కట్టుకున్న మనిషికి ఈ ఒక్క మాట చెప్పలేకపోయాను. చెబితే పెట్టె మూసేస్తారు. అది మూస్తే ఈయన ఏమైపోతారో తలుచుకుంటేనే భయం వేసింది. చెప్పకపోతే గురువారం నిండు హాల్లో పరువు పోతుంది.  సాయంత్రం డ్యూటీకి వెళ్లి, ఆస్పత్రిలో నేను చీటీలు రాసే కౌంటర్ దగ్గర ఒకాయన వయసు గడిలో ఫోన్ నంబరు రాసిపారేశాను.

బుధవారం ఆయన స్నానానికి వెళ్లగానే పెట్టె విప్పాను. పిట్టలు పెట్టి, పక్కనే పెన్సిల్‌తో 'పిట్టలు' అని రాసి ఉన్న స్క్రూ మీది చుక్క పగలగొట్టి, కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పాను. స్నానాల గదిలోకి వినపడుతుందేమోనని ఒకసారి ఆపి తలుపు వైపు చూశాను. వినపడదు కదా అని గుర్తొచ్చాక ఏడుపొచ్చింది. పిట్టలు చెవికి హాయిగా తగిలే చోట ఆపి, పాలిష్ పూసి, మూత బిగించేశాను.

గురువారం నాటకం బ్రహ్మాండంగా జరిగింది. ఆయన పెట్టె మీద నాబ్‌ల పక్కన గీసుకున్న పెన్సిల్ గీతలు చూసుకుంటూ నాబ్‌లు తిప్పారు. పిట్టలు అరిచినప్పుడు హాల్లో ఒక్క దగ్గు కూడా లేదు. అయ్యాక నలుగురైదుగురు వచ్చి, "ఆ పిట్టలు అద్భుతమండీ" అని చేతులు పట్టుకున్నారు. దారి పొడుగునా ఆయనకి నేల మీద కాలు నిలవలేదు. నేను మాత్రం దొంగసొత్తు మోస్తున్నట్టు నడిచాను.

శుక్రవారం పొద్దున్నే ముందు గదిలోంచి పిలుపు. వెళ్లేసరికి పెట్టె విప్పి ఉంది.

"ఈ పిట్టల స్క్రూ ఎవరు ముట్టుకున్నారు?"

"నేనెందుకు ముట్టుకుంటాను?"

"నేను చుక్క పెడతాను. ఇది చూడు, గోరుకి వేసినట్టు తలంతా నున్నగా పూసి ఉంది."

 ఆయన వేలితో స్క్రూ తల తడిమి, అది వెనక్కి తిరిగి ఉండటం చూశారు.

"నాకు వినపడట్లేదు కదూ?"

తలూపాను.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మంగళవారం నుంచి. చెబితే దీన్ని మూలన పడేస్తారని భయమేసిందండీ."

ఆయన నా పాలిష్ సీసా తీసి మూత బిగించారు. తిట్టినా బాగుండుననిపించింది. "నిన్న పిట్టలు బాగున్నాయన్నారు. నిజమేనా? ఈసారి అబద్ధం చెప్పకు" అన్నారు.

"మొదటి రెండు పిట్టలూ బాగున్నాయి. మూడోది మాత్రం పిట్టలా లేదు. నూనె లేని తలుపు కీచుమన్నట్టుంది."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన లేచి స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. పక్కనే ఉన్న ఇంకో స్క్రూ చూపించి, "మూడోదాని గొంతు ఇది. పిట్ట అయ్యేదాకా తిప్పు" అని ఎదురుగా స్టూలు లాక్కున్నారు.

తిప్పాను. కీచుమంది. ఇంకాస్త తిప్పాను. ఆయన పెట్టె వైపు చూడట్లేదు, నా మొహం వైపే చూస్తున్నారు.